ఎఫ్‌గెట్స్ పెట్టేశాం కదా, ఇంక సేఫేనా?

సీ భాషలో యూజర్ కొట్టింది చదవడానికి గెట్స్ (gets) వాడితే ప్రమాదం, దాని బదులు ఎఫ్‌గెట్స్ (fgets) పెడితే చాలు అని చెప్తుంటారు, అది ఎంతవరకు నిజమో చూద్దాం. ఒక చిన్న స్ట్రక్చర్, అంటే కొన్ని వేరియబుల్స్‌ని పక్కపక్కన పెట్టిన కట్ట, అనుకుందాం. అందులో ముందు పేరుకి 8 బైట్ల క్యారెక్టర్ అర్రే, దాని పక్కనే మార్కులకి ఒక ఇంట్, అంటే నంబర్ దాచే వేరియబుల్. మార్కుల్లో ముందే 75 వేసేసి, ఆ తర్వాత పేరు అడిగాం. ఇంగ్లీష్ అక్షరాల్లో రాజు అని కొడితే ఏ గొడవా లేదు, పేరు రాజు, మార్కులు 75. అదే నాగరాజు అని కొడితే ఇంగ్లీష్ స్పెల్లింగ్‌లో కరెక్టుగా 8 లెటర్లు, అవి ఆ 8 గడుల్లో నీట్‌గా సర్దుకుంటాయి, కానీ స్ట్రింగ్ ఇక్కడితో అయిపోయిందని చెప్పే నల్ ఒకటి ఉంటుంది కదా, ల్యాబుల్లో బ్యాక్‌స్లాష్ జీరో అంటారు, దానికి చోటు దొరక్క పక్కింట్లోకి, అంటే మార్కుల మొదటి బైట్‌లోకి పోయి కూర్చుంటుంది. మన ఇంటెల్ టైపు మెషీన్లలో నంబర్‌లోని చిన్న బైటే ముందు ఉంటుంది, 75 మొత్తం ఆ ఒక్క బైట్‌లోనే ఉంది, అక్కడ సున్నా పడింది. నాగరాజు మార్కులు 0. ప్రోగ్రామ్ క్రాష్ అవదు, ఎర్రర్ రాదు, పేరు కూడా శుభ్రంగా ప్రింట్ అవుతుంది. పాపం అబ్బాయి ఫెయిలు, అంతే.

ఇదంతా గెట్స్ వాడితేనే వస్తుందిలే అనుకుంటే పొరపాటు. స్కాన్ఎఫ్ (scanf) అనే ఇంకో ఫంక్షన్‌లో పర్సెంట్ 8 ఎస్ (%8s) అని లిమిట్ పెట్టినా కూడా ఇదే జరుగుతుంది, ఎందుకంటే ఆ 8 అనేది లెటర్ల లెక్క, నల్ దానికి అదనం. 8 బైట్ల అర్రేకి పర్సెంట్ 7 ఎస్ అని రాయాలి. అదే ఎఫ్‌గెట్స్‌కి అయితే 8 అనే ఇవ్వాలి, అది నల్ కోసం ఒకటి తనే పక్కన పెట్టుకుని 7 మాత్రమే చదువుతుంది. ఒకే లైబ్రరీలో రెండు ఫంక్షన్లు, రెండు రకాల లెక్క. ఒక స్ట్రింగ్ చివర ఇంకోటి అతికించే ఎస్‌టీఆర్‌ఎన్‌క్యాట్ (strncat) అయితే మూడో రకం, దానికి ఇచ్చే నంబర్ మొత్తం అర్రే సైజు కాదు, కొత్తగా ఎన్ని లెటర్లు అతికించొచ్చు అని, నల్ మళ్లీ దానికి ఎక్స్‌ట్రా. ఈ గందరగోళం సీ నేర్చుకునేవాళ్ల తప్పేం కాదు, ఆ ఫంక్షన్లు ఒక్కొక్కటి ఒక్కో టైంలో ఒక్కో అవసరానికి పుట్టాయి కాబట్టి అలా ఉన్నాయి.

గెట్స్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, దానికి అర్రే ఎక్కడుందో చెప్తాం తప్ప ఎంత పెద్దదో చెప్పే దారే లేదు, అంటే దాన్ని జాగ్రత్తగా వాడటం అనేదే కుదరదు. 1988 నవంబర్ 2న కార్నెల్ యూనివర్సిటీ స్టూడెంట్ రాబర్ట్ మోరిస్ వదిలిన వర్మ్, అంటే తనంతట తనే మెషీన్ నుంచి మెషీన్‌కి పాకే ప్రోగ్రామ్, వాడుకున్న దారుల్లో ఇదొకటి. ఫింగర్ అనే సర్వీస్ ప్రోగ్రామ్ నెట్‌వర్క్ నుంచి వచ్చే లైన్‌ని గెట్స్‌తో 512 బైట్ల బఫర్‌లోకి, అంటే చదివింది దాచుకునే చోటులోకి, చదివేది, వర్మ్ 536 బైట్లు పంపింది, అదనంగా వెళ్లిన ఆ కాసిని బైట్లు స్టాక్ మీద ఫంక్షన్ ఎక్కడికి తిరిగి వెళ్లాలో రాసుకున్న అడ్రస్‌ని మార్చేశాయి, అంతే, వ్యాక్స్ అనే అప్పటి కంప్యూటర్లలో వర్మ్ కోడ్ నడిచిపోయింది. ఇంత జరిగాక కూడా గెట్స్‌ని సీ భాష స్టాండర్డ్ నుంచి పీకేయడానికి 2011లో సీ11 అనే కొత్త స్టాండర్డ్ వచ్చేదాకా పట్టింది.

మన దగ్గర మాత్రం దాని ఆయుష్షు ఇంకా తీరలేదు. ల్యాబుల్లో పాత డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్ పెట్టి టర్బో సీ అనే పాత కంపైలర్ నడిపినంత కాలం గెట్స్ ఉంటుంది, పైగా పాత డాస్‌కి మెమరీ ప్రొటెక్షన్ అనేదే లేదు కాబట్టి మన ప్రోగ్రామ్ హద్దు దాటి ఎక్కడో రాసేసినా ఎవరూ పట్టుకోరు, ఔట్‌పుట్ వచ్చింది, రికార్డులో సంతకం పడింది, అయిపోయింది. అదే ప్రోగ్రామ్‌ని ఉబుంటు లైనక్స్‌లో జీసీసీ అనే కంపైలర్‌తో కంపైల్ చేసి పెద్ద పేరు ఇస్తే స్టాక్ స్మాషింగ్ డిటెక్టెడ్ అని మధ్యలో చంపేస్తుంది, అప్పుడు కుర్రాళ్లు లైనక్స్‌లో సీ సరిగా పనిచేయట్లేదు అంటారు. నిజానికి సరిగా పనిచేస్తోంది అక్కడే.

సరే, గెట్స్ వద్దు, స్కాన్ఎఫ్‌లో నంబర్ పెట్టి వాడదాం అంటే దాని తిప్పలు దానికున్నాయి. పర్సెంట్ ఎస్ అనేది ముందున్న స్పేసులన్నీ మింగేసి, తర్వాత స్పేస్ కనపడగానే ఆగిపోతుంది, అంటే వెంకటేశ్వర రావు అని కొడితే వెంకటేశ్వర వరకే వస్తుంది, రావు బఫర్‌లో వెయిటింగ్. స్పేసులు కూడా కావాలని న్యూలైన్ (ఎంటర్ నొక్కితే వచ్చే క్యారెక్టర్) కానివన్నీ చదువు అనే బ్రాకెట్ ఫార్మాట్ వాడతారు, అది బాగానే ఉంటుంది గానీ యూజర్ ఏమీ కొట్టకుండా ఒట్టి ఎంటర్ నొక్కితే అది ఒక్క లెటర్ కూడా దొరకలేదని ఫెయిల్ అవుతుంది, అర్రేని ముట్టుకోదు కూడా, అందులో ముందు ఏ చెత్త ఉంటే అదే పేరు అయిపోతుంది. ఇంకోటి, ప్రింట్ఎఫ్‌లో స్టార్ పెట్టి వెడల్పుని వేరియబుల్‌గా ఇవ్వొచ్చు కదా అని స్కాన్ఎఫ్‌లో కూడా స్టార్ పెడతారు, ఇక్కడ స్టార్ అంటే చదివి పడెయ్, ఎక్కడా దాచకు అని అర్థం. అంటే స్కాన్ఎఫ్‌లో లిమిట్‌ని ఫార్మాట్ స్ట్రింగ్‌లో అంకెగా రాయాల్సిందే, లేదా మ్యాక్రోతో అంకెని స్ట్రింగ్‌గా మార్చి అతికించాలి, రేపు ఎవరో అర్రే సైజు తగ్గించి ఫార్మాట్‌లో నంబర్ మార్చడం మర్చిపోతే మళ్లీ నాగరాజు కథే.

అందుకే అందరూ చెప్పేది ఎఫ్‌గెట్స్. అర్రే, దాని సైజు, స్టాండర్డ్ ఇన్‌పుట్, ఈ మూడూ ఇస్తే సైజు కన్నా ఒకటి తక్కువ వరకు చదువుతుంది, న్యూలైన్ వస్తే దాన్ని కూడా కలుపుకుని ఆగుతుంది, చివర నల్ పెడుతుంది. మెమరీ పాడవదు, ఆ విషయంలో అనుమానం అక్కర్లేదు. కానీ చాలామంది ఇక్కడితో పని అయిపోయింది అనుకుంటారు, అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. గిన్నెలో పట్టినంత పోసుకున్నాం సరే, మిగిలింది ఎక్కడికి పోయింది?

ఎక్కడికీ పోలేదు, ఇన్‌పుట్ బఫర్‌లోనే ఉంది, తర్వాత ఎవరు చదివితే వాళ్ల నెత్తిన పడుతుంది.

మొబైల్ నంబర్ తీసుకోండి. 10 అంకెలు, నల్‌కి ఒకటి, అందుకని అర్రే సైజు 11 అని పెడతారు, చూడ్డానికి పద్ధతిగానే ఉంది. యూజర్ కరెక్టుగా 10 అంకెలు కొట్టి ఎంటర్ నొక్కాడు. ఎఫ్‌గెట్స్ 10 అంకెలు చదివింది, నల్ పెట్టింది, గిన్నె నిండింది, ఎంటర్ తాలూకు న్యూలైన్ మాత్రం బయటే ఉండిపోయింది. తర్వాత లైన్‌లో ఊరి పేరు అడిగే ఎఫ్‌గెట్స్ ఉంది, అది యూజర్ కోసం ఆగనే ఆగదు, ఆ మిగిలిన న్యూలైన్‌ని చదివేసి ఊరి పేరు ఖాళీ అని ముందుకెళ్లిపోతుంది. రెండో ప్రశ్న స్కిప్ అయిపోతోంది ఎందుకు అని సీ నేర్చుకునే ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు జుట్టు పీక్కునే ఉంటారు. యూజర్ తప్పు చేస్తే వచ్చే బగ్ కాదిది, చెప్పినట్టు చేస్తే వచ్చే బగ్. అర్రే 12 ఉండాలి, 10 అంకెలు, న్యూలైన్, నల్. విండోస్‌లో తయారైన ఫైల్‌ని లైనక్స్‌లో చదివే పనైతే లైన్ చివర క్యారేజ్ రిటర్న్ అనే క్యారెక్టర్ ఒకటి అదనంగా వస్తుంది, అప్పుడు 13.

ఆ 12 బైట్ల అర్రేకి యూజర్ 15 అంకెలు కొడితే? మొదటి 11 నంబర్‌లోకి, మిగిలిన 4 అంకెలు ఊరి పేరులోకి. ప్రోగ్రామ్ సేఫ్, డేటా కంపు.

కాబట్టి ఎఫ్‌గెట్స్ అయ్యాక చూడాల్సింది ఒకటే, వచ్చిన స్ట్రింగ్‌లో న్యూలైన్ ఉందా లేదా. ఉంటే లైన్ మొత్తం వచ్చినట్టు, న్యూలైన్ తీసేసి వాడుకోవచ్చు. లేకపోతే ఇంకో క్యారెక్టర్ చదివి చూడాలి, అది న్యూలైన్ అయినా, ఫైల్ అయిపోయినా, ఇన్‌పుట్ సరిగ్గా పట్టింది అంతే, ఏమీ తెగలేదు. అది ఇంకేదైనా అయితే లైన్ తెగింది, న్యూలైన్ లేదా ఫైల్ ఎండ్ వచ్చేదాకా ఒక్కో క్యారెక్టర్ చదివే గెట్‌చార్‌తో మిగిలినదంతా చదివి పారబోయాలి. న్యూలైన్ ఉందో లేదో చూడకుండా ప్రతిసారీ గుడ్డిగా పారబోసే లూప్ పెడితే ఇంకో తంటా, లైన్ మొత్తం వచ్చేసిన కేసులో అది తర్వాతి లైన్ కోసం కూర్చుంటుంది, యూజర్‌కి స్క్రీన్ ఆగిపోయినట్టు కనిపిస్తుంది, రెండోసారి ఎంటర్ కొడితేగానీ కదలదు.

ఈ లూప్‌లో చిన్న మెలిక ఉంది, గెట్‌చార్ ఇచ్చేదాన్ని ఇంట్‌లో పెట్టుకోవాలి, చార్‌లో కాదు. ఏఆర్ఎమ్ చిప్‌ల మీద నడిచే లైనక్స్‌లో మామూలుగా చార్ అంటే అన్‌సైన్డ్, అంటే మైనస్ విలువలు పట్టవు, ఫైల్ అయిపోయిందని చెప్పే ఈఓఎఫ్ విలువ మైనస్, అది అందులో పడగానే 255 అయిపోతుంది, ఇక ఫైల్ అయిపోయిందని లూప్‌కి ఎప్పటికీ తెలియదు, తిరుగుతూనే ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచిన కోడ్ రాస్‌బెర్రీ పై అనే చిన్న ఏఆర్ఎమ్ కంప్యూటర్‌లో ఆగకుండా తిరగడానికి ఇలాంటి కారణాలే ఉంటాయి.

పారబోయడానికి మన దగ్గర ఎక్కువ వాడే మంత్రం ఎఫ్‌ఫ్లష్ స్టాండర్డ్ ఇన్‌పుట్, అంటే fflush(stdin). ల్యాబ్ మాన్యువల్స్‌లో కూడా కనపడుతుంది. స్టాండర్డ్ ప్రకారం ఎఫ్‌ఫ్లష్ అనేది ఔట్‌పుట్ కోసం, ఇన్‌పుట్ మీద వాడితే ఏం జరుగుతుందో సీ భాష ఏ హామీ ఇవ్వదు. మైక్రోసాఫ్ట్ పాత లైబ్రరీల్లో అది నిజంగానే ఇన్‌పుట్‌ని ఖాళీ చేసేది, అందుకే అలవాటు పాతుకుపోయింది, విజువల్ స్టూడియో 2015 నుంచి వాళ్లే తీసేశారు, కాబట్టి ఇప్పుడు అది పూర్తిగా నమ్మకం మీద నడిచే లైను.

న్యూలైన్ తీసేసే దగ్గర కూడా ఒక అలవాటు ఉంది, స్ట్రింగ్ లెంగ్త్ లోంచి ఒకటి తీసేసి ఆ గడిలో నల్ పెట్టడం. న్యూలైన్ కచ్చితంగా ఉంటే పర్లేదు. లైన్ తెగిన కేసులో చివర ఉన్నది న్యూలైన్ కాదు, అసలు అక్షరం, అది ఎగిరిపోతుంది, మొబైల్ నంబర్‌లో చివరి అంకె మాయం. ఎవడైనా కావాలని లైన్ మొదట్లోనే నల్ బైట్ పంపితే లెంగ్త్ 0, దాంట్లోంచి ఒకటి తీస్తే అర్రే బయట ఎక్కడో రాస్తాం. దానికన్నా ఎస్‌టీఆర్‌సీస్పాన్ (strcspn) ఫంక్షన్‌తో మొదటి న్యూలైన్ ఎక్కడుందో వెతికి అక్కడ నల్ పెడితే, న్యూలైన్ లేకపోయినా అది ఎలాగూ నల్ ఉన్న చోటునే చూపిస్తుంది కాబట్టి నష్టం లేదు. ఒక్క లైన్, ఏ కేసులోనూ తన్నదు.

ఇవన్నీ కలిపి ఒక ఫంక్షన్‌గా రాసుకుని పడేస్తే మంచిది, కానీ అలా రాసేటప్పుడు సైజు చెప్పే సైజాఫ్ (sizeof) మోసం చేస్తుంది. అర్రేని ఫంక్షన్‌కి పంపగానే అది పాయింటర్, అంటే ఒట్టి అడ్రస్, అయిపోతుంది, లోపల సైజాఫ్ అడిగితే అర్రే సైజు కాదు, పాయింటర్ సైజు, 64 బిట్ మెషీన్లో 8 చెప్తుంది. 100 బైట్ల అర్రేకి 7 లెటర్లే వస్తున్నాయేంటి అని వెతుక్కుంటారు, అది అదృష్టం ఉన్న కేసు, అర్రే 4 బైట్లే అయ్యుంటే పొర్లేది. సైజుని పిలిచే చోటే లెక్కేసి రెండో ప్యారామీటర్‌గా పంపాలి, వేరే దారి లేదు.

లిమిట్ అనగానే స్ట్రింగ్‌ని కాపీ చేసే ఎస్‌టీఆర్‌ఎన్‌కాపీ (strncpy) కూడా గుర్తొస్తుంది, మధ్యలో ఎన్ ఉంది కాబట్టి సేఫ్ అని. పాత యూనిక్స్‌లో ఫైల్ పేరుకి 14 బైట్ల ఫిక్స్‌డ్ గడి ఉండేది, పేరు చిన్నదైతే మిగతా అంతా సున్నాలు, సరిగ్గా 14 అయితే చివర నల్ అక్కర్లేదు. ఎస్‌టీఆర్‌ఎన్‌కాపీ అలాంటి గడుల కోసం పుట్టింది, అందుకే సోర్స్ పెద్దదైతే నల్ పెట్టకుండానే వదిలేస్తుంది. పొడవు చూసి కాపీ చేయాలంటే ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్ (snprintf) వాడుకోవచ్చు, సీ99 స్టాండర్డ్ నుంచి ఉంది, ఎప్పుడూ నల్ పెడుతుంది, పైగా చోటు ఉంటే ఎన్ని లెటర్లు రాసేదాన్నో తిరిగి చెప్తుంది, ఆ నంబర్ అర్రే సైజుకి సమానం గానీ ఎక్కువ గానీ అయితే తెగిందని తెలిసిపోతుంది. ఓపెన్‌బీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా సిస్టమ్ వాళ్లు 1998లో ఎస్‌టీఆర్‌ఎల్‌కాపీ (strlcpy) తెచ్చారు, ఇదీ తెగిన విషయం చెప్తుంది, లైనక్స్‌లో వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీ దాన్ని చేర్చుకోడానికి 2023 దాకా పట్టింది, మధ్యలో పాతికేళ్ల వాదన.

లిమిట్ ఉన్నంత మాత్రాన సరిపోదు అనడానికి మంచి ఉదాహరణ సుడో. లైనక్స్‌లో అడ్మిన్ పనులకి అందరూ వాడేదే. పాస్‌వర్డ్ కొడుతుంటే స్టార్లు చూపించే సెట్టింగ్ ఒకటి అందులో ఉంది. చదివే కోడ్‌లో రెండు లెక్కలు నడుస్తుంటాయి, తర్వాతి అక్షరం ఎక్కడ రాయాలి అనే పాయింటర్, ఇంకా ఎంత చోటు మిగిలింది అనే కౌంట్. లైన్ మొత్తం చెరిపేసే కీ నొక్కితే స్క్రీన్ మీద స్టార్లు ఒక్కొక్కటీ చెరుపుతూ పాయింటర్‌ని వెనక్కి జరపాలి, చివర కౌంట్‌ని మళ్లీ ఫుల్ చేయాలి. స్టార్ చెరిపేటప్పుడు రాయడం ఫెయిల్ అయితే లూప్ మధ్యలో బయటికి వచ్చేసేది, పాయింటర్ అక్కడే ఉండిపోయేది, కౌంట్ మాత్రం మొత్తం ఖాళీ ఉంది అని ఫుల్ అయిపోయేది. లిమిట్ ఉంది, ప్రతి అక్షరానికీ చెక్ చేస్తోంది కూడా, కాకపోతే చెక్ చేసే నంబరే అబద్ధం చెప్తోంది. 1.7.1 వెర్షన్ నుంచి అలాగే ఉండి 2020 జనవరిలో 1.8.31తో సరిచేశారు. ఆ స్టార్ల సెట్టింగ్ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, లినక్స్ మింట్ లాంటి కొన్నిట్లో మాత్రం ముందే ఆన్ చేసి ఇచ్చేవాళ్లు. ఒకే విషయాన్ని రెండు వేరియబుల్స్‌లో దాస్తే ఎప్పుడో ఒకరోజు అవి కొట్టుకుంటాయి, పాయింటర్ నుంచే మిగిలిన చోటు లెక్కేసుకుంటే ఆ గొడవ ఉండేది కాదు.

ఇప్పుడు తెలుగు దగ్గరికొద్దాం, ఎందుకంటే పైన చెప్పిందంతా ఒక లెటర్ అంటే ఒక బైట్ అన్నట్టు నడిచింది. అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతం గుర్తుకీ, పొల్లుకీ ఒక్కోదానికి 3 బైట్లు. వెంకటేశ్వరరావు అనే పేరు మనం పలికే లెక్కలో వెం, క, టే, శ్వ, ర, రా, వు, మొత్తం 7 అక్షరాలు. ప్రతి అక్షరానికీ, గుర్తుకీ, పొల్లుకీ విడిగా ఒక్కో నంబర్ ఇచ్చే యూనికోడ్ లెక్కలో 14 కోడ్ పాయింట్లు. స్ట్రింగ్ లెంగ్త్ అడిగితే 42. అదే పేరు ఇంగ్లీష్‌లో మధ్యలో స్పేస్ పెట్టి రాసినా 16 బైట్లే. పేరుకి 32 బైట్లు చాలవా అని పెట్టిన అర్రేలోకి ఎఫ్‌గెట్స్‌తో చదివితే 31 బైట్లు వస్తాయి, అంటే వెంకటేశ్వర వరకు 30, ఆ తర్వాత రెండో ర తాలూకు మొదటి బైట్ ఒక్కటి. సగం కాదు, మూడో వంతు అక్షరం. స్క్రీన్ మీద పేరు చివర ప్రశ్న గుర్తు డబ్బా కనిపిస్తుంది, మిగిలిన రెండు ముక్కలూ తర్వాతి ప్రశ్నకి జవాబుగా వెళ్లి అక్కడ ఇంకో రెండు డబ్బాలు. డేటాబేస్‌లో పెట్టబోతే ఇది చెల్లని యూటీఎఫ్-8 అని వెనక్కి కొట్టొచ్చు కూడా.

దీనికి మందు మరీ కష్టమేం కాదు, అక్షరం మధ్యలో వచ్చే బైట్లన్నిటికీ పై రెండు బిట్లు ఒకటి, సున్నా ఉంటాయి. తెగిన స్ట్రింగ్ చివర నుంచి అలాంటివి దాటుకుంటూ వెనక్కి వెళ్తే అక్షరం మొదటి బైట్ దొరుకుతుంది, అది ఎన్ని బైట్లు రావాలని చెప్తోందో అన్నీ ఉన్నాయా చూసి, లేకపోతే అక్కడే నల్ పెట్టేయాలి. డబ్బాలు పోతాయి. కానీ పేరు బాగుపడుతుందని కాదు, 25 బైట్ల అర్రే అయితే 24 బైట్లు, లెక్క ప్రకారం 8 కోడ్ పాయింట్లు పూర్తిగా ఉన్నాయి, ఏదీ సగంలో తెగలేదు, స్క్రీన్ మీద మాత్రం వెంకటేశ్ అని శ కింద వత్తు ఊడిపోయి నిలబడుతుంది. అది వేరే మనిషి పేరు. కంప్యూటర్‌కి అభ్యంతరం లేదు, వెంకటేశ్వరరావు గారికి ఉంటుంది.

అందుకే కత్తిరించడం కన్నా ఒప్పుకోకపోవడమే మేలు, మీరు కొట్టింది పొడుగైంది, మళ్లీ కొట్టండి అని అడగడం. లాగ్ ఫైల్లో మెసేజ్ తెగితే ఎవరికీ నష్టం లేదు, పేరు, ఫైల్ పాత్, అకౌంట్ నంబర్, పాస్‌వర్డ్ తెగితే ఉంది. పాత యూనిక్స్‌లో పాస్‌వర్డ్‌లు దాచడానికి వాడిన డీఈఎస్ పద్ధతి పాస్‌వర్డ్‌లో మొదటి 8 లెటర్లనే చూసేది, ఇంగ్లీష్‌లో హైదరాబాద్ అంటే 9 లెటర్లు, చివరి డీ కొట్టినా కొట్టకపోయినా లాగిన్ అయిపోయేది, దాని తర్వాత ఏం తగిలించినా లెక్కలోకి రాదు. అదే పనికి ఇప్పటికీ విరివిగా వాడే బీక్రిప్ట్‌కి 72 బైట్ల హద్దు ఉంది, చాలా లైబ్రరీలు ఆ పైవి నోరు మెదపకుండా వదిలేస్తాయి, తెలుగులో పాస్‌ఫ్రేజ్ పెట్టుకుంటే 24 కోడ్ పాయింట్లకే ఆ హద్దు వచ్చేస్తుంది.

అసలు ఈ లిమిట్ గోలే లేకుండా యూనిక్స్ తరహా సిస్టమ్‌ల స్టాండర్డ్ పోసిక్స్ 2008లో వచ్చిన గెట్‌లైన్ వాడొచ్చు కదా అంటారు. వాడొచ్చు, లైన్ ఎంత ఉంటే అంత మెమరీ తనే తెచ్చుకుంటుంది, ఫ్రీ చేయడం మన పని. సొంత మెషీన్లో సొంత ఫైళ్లు చదువుకునే ప్రోగ్రామ్‌కి అంతకన్నా సుఖం లేదు. బయటివాళ్ల ఇన్‌పుట్ తీసుకునే చోట మాత్రం న్యూలైన్ అనేదే లేకుండా ఆగకుండా బైట్లు పంపేవాడు ఒకడు తగిలితే ర్యామ్ మొత్తం ఆ ఒక్క లైన్‌కే ధారపోస్తుంది, అక్కడ పైన ఒక హద్దు మనమే గీయాలి.

ఫంక్షన్ రాశాక టెస్టింగ్‌కి పెద్ద సరంజామా అక్కర్లేదు, జీసీసీలో మెమరీ తప్పుల్ని పట్టే అడ్రస్ శానిటైజర్ ఆన్ చేసి 12 బైట్ల అర్రేకి 9 అంకెలు, 10 అంకెలు, 11 అంకెలు, ఒక 50 అంకెలు ఇచ్చి ప్రతిదాని తర్వాత రెండో ప్రశ్నకి సరైన జవాబు వెళ్తోందా చూడాలి. 11 దగ్గర ఏమీ తెగదు గానీ న్యూలైన్ బయట ఉండిపోతుంది, ఎక్కువ కోడ్లు తన్నేది అక్కడే. తర్వాత ఒట్టి ఎంటర్, తర్వాత కంట్రోల్ డీ, విండోస్ అయితే కంట్రోల్ జెడ్, ఎంటర్, ఈ కంట్రోల్ కీ ఒకటి కాదు, ఎంటర్ అంటే ఖాళీ జవాబు, రెండోది ఇంక ఇన్‌పుట్ లేదని, అప్పుడు ఎఫ్‌గెట్స్ నల్ పాయింటర్ ఇస్తుంది, అర్రేలో పాత విలువ అలాగే ఉంటుంది, చెక్ చేయకపోతే ముందు మనిషి నంబరే ఈ మనిషికి కూడా పడుతుంది. ఆఖర్న ఎంటర్ లేకుండా సేవ్ చేసిన ఫైల్‌ని ఇన్‌పుట్‌గా ఇచ్చి, చివరి లైన్‌ని తెగిన లైన్ అని తిరగ్గొట్టకుండా మామూలుగా తీసుకుంటోందో లేదో కూడా చూడాలి.